కణుపు దగ్గర

ముప్పై ఏళ్లు టేకు కోశాను
ముషీరాబాద్ అడితిలో.
మా నాయన దుంగను అడ్డంగా కోసి
రంపప్పొట్టు ఊది
వలయాలు లెక్కపెట్టేవాడు.
ఇదిగో, ఇది కరువు ఏడు, సన్నగ ఉంది.
ఇది మీ తాత పెండ్లి.
ఇది మూసీ పొంగిన ఏడు.
తర్వాత చిత్రిక పట్టి
ఆ ఏళ్లన్నిటినీ
ఎవరింటికో దర్వాజా చేసేవాడు.

ఇప్పుడు అడితిలో దిగే దుంగలకు
లెక్కపెట్టేంత వయసు లేదు.
ఓడల మీద వచ్చినవాటి కరువులు
నాకు తెలియని ఊళ్లవి.

యాకుత్‌పురా నుంచి నుస్రత్ టీచరమ్మ వచ్చింది.
మిద్దె మీద ఒక్క గది కావాలట.
కింద గోడలు డంగుసున్నంవి,
స్లాబు వేస్తే కూర్చుంటాయని ఇంజనీరు చెప్పాడట.
"బొంగులతో కట్టండి మిస్త్రీ" అంది.
నవ్వాను.
బొంగు నాకు తెలియనిదా?
ఈ ఊళ్లో లేచిన ప్రతి మేడనీ
మొదట మోసింది అదే, పరంజాగా.
అంతస్తు మీద అంతస్తు భుజానికెత్తుకుని
గృహప్రవేశం నాటికి
తాళ్లు విప్పించుకుని లారీ ఎక్కేది.
పాలు పొంగించేటప్పుడు
దాన్నెవరూ పిలవలేదు.

మా అమ్మ నవ్వలేదు.
"సచ్చినంక పండుకునేదాన్ని
బతికుండంగ నెత్తిమీద పెట్టుకుంటరార?"

చాదర్‌ఘాట్ వంతెన పక్కన
తడకలల్లే మేదరి ఓదెమ్మ దగ్గరికి వెళ్లాను.
కత్తి వెనక వైపుతో బొంగును కొట్టి
చెవి ఆనించింది.
"ఇది ఏడాది పిల్ల. తియ్యగుంటది,
పురుగుకు పెండ్లి బువ్వ.
ఇది మూడు వానలు తాగింది,
ఇనుము లెక్క పల్కుతది. తీస్కో."
మూడు వానలు!
ఆ వయసు టేకుమొక్క
మేకకు కూడా అడ్డం కాదు.
"నరికినంక?" అన్నాను.
"గడ్డి గద బిడ్డా. మళ్ల మొలుస్తది."

మొదటిరోజు నా ఉలి సిగ్గుపడింది.
చిత్రిక పట్టడానికి చదునే లేదు.
మేకు కొడితే నిలువునా చీలి
నా మొహం మీదే నవ్వింది.
కణుపు దగ్గర కోయాలి,
కణుపు పక్కనే తొలిచి బోల్టు బిగించాలి,
బరువు పడే గూట్లో
సిమెంటు పాలు పోయాలి.
అంతకుముందు బోరాక్స్ నీళ్లలో
పది రోజులు పడుకోబెట్టాలి.
పాదం తడికి జానెడు పైన, రాతి దిమ్మ మీద.
యాభై రెండేళ్లకు
కొత్తగా పలక పట్టాను.

ఒక్కటే బాధ.
కోసిన ప్రతిసారీ అలవాటుగా ఊది చూశాను.
వలయాలు లేవు.
గుండ్రటి ఖాళీ.
మూడు వానలనాటి గాలి
నా మణికట్టు మీదుగా వెళ్లిపోయింది.
లెక్కకు ఏమీ మిగల్చని చెట్టు.
చెట్టు కూడా కాదు.

బ్యాంకాయన వచ్చి చూసి
కచ్చా అని రాసుకున్నాడు.
టీచరమ్మ అతన్ని గది మధ్యలో నిలబెట్టి
"గెంతండి" అంది.
బూట్లు విప్పి గెంతాడు.
అప్పు ఇవ్వలేదు గాని
ఇంకోసారి గెంతాడు.

తొలకరి రాత్రి ఫోను.
"గది ఈల వేస్తోంది మిస్త్రీ!"
తెల్లారి వెళ్లి చూస్తే
తూర్పు వాసంలో
నేను తప్పుగా తొలిచి మరిచిపోయిన రంధ్రం.
లప్పం కలుపుతుంటే
టీచరమ్మ చిన్న కూతురు ఉండనివ్వమంది.
పూడ్చేశాను.
ఈల వేసే ఇల్లు
నా లెక్కలో పని లోపమే.

మొన్న అమ్మను ఆటోలో తీసుకెళ్లాను.
మెట్లు ఎక్కలేక ఎక్కింది.
సంతలో ఎద్దు వెన్ను చూసినట్టు
స్తంభాన్ని కణుపు కణుపునా తడిమింది.
పంఖా కింద కూర్చుని
సాసర్లో పోసుకుని చాయ్ తాగింది.
ఏమీ అనలేదు.
ఆటో ఎక్కబోతూ అడిగింది,
"ఎన్ని మిగిలినయ్‌ రా?"
ఆరు, అన్నాను.
"నాకు రెండు పక్కకు పెట్టు.
గా మందుల నానినయే.
పురుగు పట్టొద్దు."